డిక్షనరీ బట్టీ పట్టి కొత్త భాష నేర్చుకోవాలంటే ఎలా చేయాలి?

19వ శతాబ్దంలో ఫ్రాన్స్వా గువాన్ అని ఒక ఫ్రెంచ్ మాస్టారు ఉండేవాడు. లాటిన్ చెప్పేవాడు. లాటిన్ నేర్చుకున్న దారిలోనే జర్మన్ కూడా నేర్చేసుకుందామని హాంబర్గ్ వెళ్ళాడు. ముందు వ్యాకరణం పుస్తకం కంఠస్థం చేసి క్లాసులో కూర్చున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ధాతువుల పట్టిక బట్టీ పట్టాడు, మళ్ళీ అంతే. ఆఖరికి డిక్షనరీ మీద పడ్డాడు. ఆయనే రాసుకున్నదాని ప్రకారం 30 రోజుల్లో 30,000 మాటలు! తీరా వెళ్ళి ఉపన్యాసం వింటే అప్పుడూ ఏమీ బోధపడలేదు. ఈ దెబ్బలన్నీ తిన్నాకే, పదాల్ని విడివిడిగా కాకుండా ఒకదాని తర్వాత ఒకటి జరిగే పనుల వాక్యాల్లో నేర్పాలని 1880లో ఒక పుస్తకం రాశాడు.

ఇంకో మనిషి న్యూజిలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్. 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ (అక్షరాల బిళ్ళలతో పదాలు కూర్చే ఆట) ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే. సుమారు తొమ్మిది వారాల్లో ఆ ఆటకు పనికొచ్చే ఫ్రెంచ్ పదాలన్నీ బుర్రలోకి ఎక్కించుకున్నాడు. 2024లో స్పానిష్‌లోనూ అదే పని చేసి గెలిచాడు. స్క్రాబుల్‌లో ఒక పదం డిక్షనరీలో ఉందా లేదా అన్నదే లెక్క, అర్థంతో పని లేదు.

అంటే డిక్షనరీని బట్టీ పట్టడం మనిషికి సాధ్యమే. దానివల్ల భాష రావడం వేరే సంగతి. ఇది విని చాలామంది రెండో కొసకు వెళ్ళిపోతారు: పదాలు బట్టీ పట్టడం దండగ, సినిమాలు చూస్తూ ఉంటే అవే వస్తాయి అని. నేను దీన్నీ ఒప్పుకోను. పెద్దయ్యాక భాష నేర్చుకునేవాళ్ళు కూర్చుని పనిగట్టుకుని పదాలు నేర్చుకుంటే, చుట్టుపక్కల మాటలు విని పోగుచేసుకునే దానికన్నా చాలా త్వరగా ముందుకెళ్తారు. తేడా ఎక్కడొస్తుందంటే, డిక్షనరీ నుంచి పదాన్ని తీసుకోవాలి కానీ దాని వరసను, అది పదాన్ని చూపించే తీరును తీసుకోకూడదు. అదెలాగో చూద్దాం.

1. ముందు ఏ మాటలు నేర్చుకోవాలో తేల్చుకోండి

అక్షర క్రమంలో మొదలుపెట్టకండి. డిక్షనరీలో ఒకే పేజీలో ఉన్న మాటలు చూడటానికి ఒకేలా ఉంటాయి, అర్థాలకు మాత్రం పొంతన ఉండదు. ఇంతకన్నా గందరగోళపెట్టే వరస ఇంకోటి లేదు. పైగా అందులో రోజూ వాడే మాట పక్కనే, ఆ భాష పుట్టి పెరిగినవాళ్ళే జీవితంలో వాడని మాట కూడా అంతే దర్జాగా కూర్చుని ఉంటుంది.

వాడుకలో ఎక్కువగా వచ్చే మాటల వరసను ఫ్రీక్వెన్సీ లిస్ట్ అంటారు. పెద్ద భాషలన్నిటికీ దొరుకుతాయి. ఇంగ్లిష్‌కైతే మైకేల్ వెస్ట్ 1953లోనే సుమారు 2,000 మాటల జాబితా అచ్చువేశాడు. మీ దగ్గరున్నది నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన డిక్షనరీ అయితే, తరచుగా వచ్చే మాటల పక్కన నక్షత్రాలో, రంగు అక్షరాలో ఉండవచ్చు. ముందుమాటలో ఆ గుర్తుల వివరం చదవండి. చాలామంది ఆ పేజీ తెరవనే తెరవరు.

ఇక ఎన్ని మాటలు కావాలి? పదజాలం మీద జీవితమంతా పనిచేసిన పాల్ నేషన్ 2006లో ఇచ్చిన అంచనా ఇది: ఇంగ్లిష్‌లో మామూలు పుస్తకాన్ని ఎవరి సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలియాలి. మనుషులు మాట్లాడేది అర్థం కావడానికి 6,000 నుంచి 7,000 చాలు. పద కుటుంబం అంటే ఒకే మూలం నుంచి వచ్చిన రూపాలన్నీ కలిపి ఒకటి. ఈ అంకె చూసి కంగారుపడకండి. మొదటి 2,000 మాటలే మామూలు రాతలో 80 శాతం పైచిలుకు ఆక్రమిస్తాయి. మీ మొదటి గమ్యం అదే.

కానీ ఆ శాతం చూసి మురిసిపోనూ వద్దు. ఈ వాక్యం చదవండి: "ఆయన నిన్న సాయంత్రం మా దగ్గరికి వచ్చి ------ గురించి అడిగి, ------ తీసుకుని వెళ్ళిపోయాడు." పన్నెండు మాటల్లో పది తెలుసు, అంటే 80 శాతం పైనే. విషయం ఏమిటో మాత్రం తెలియలేదు. తరచుగా రాని మాటల్లోనే అసలు సంగతి దాగి ఉంటుంది. అందుకే 2,000 దగ్గర ఆగిపోయినవాళ్ళు "అన్నీ తెలిసినట్టే ఉంటాయి, ఏమీ అర్థం కాదు" అంటూ ఉంటారు.

జాబితాలో మొదటి వంద మాటల గురించి ఒక హెచ్చరిక. వాటిలో ఎక్కువభాగం 'లో, కి, తో, కానీ, అయితే' లాంటి అతుకు మాటలు. జర్మన్‌లో "ఔఫ్" అంటే ఏమిటని డిక్షనరీని అడిగితే అరపేజీ సమాధానం ఇస్తుంది. అలాంటి మాటల్ని విడిగా కార్డుల (ఒకవైపు ప్రశ్న, ఇంకోవైపు జవాబు రాసుకునే చీటీలు) మీద ఎక్కించకండి, వాక్యాలతోపాటు వాటంతటవే వస్తాయి.

2. ఒకే జాతి మాటల్ని ఒకే రోజు పెట్టుకోకండి

రంగులన్నీ ఒకరోజు, శరీర భాగాలన్నీ ఇంకోరోజు, ఎడమ కుడి రెండూ కలిపి... పాఠ్యపుస్తకాలు ఇలాగే ఇస్తాయి. చూడటానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ 1990ల్లో టింకమ్, వేరింగ్ అనే పరిశోధకులు విడివిడిగా చేసిన ప్రయోగాల్లో, దగ్గరి అర్థాలున్న మాటల్ని ఒకేసారి నేర్చుకోవడం సంబంధం లేని మాటల కన్నా కష్టమని తేలింది. ఒకదాని బదులు ఇంకోటి నోటికొస్తుంది. ఎడమ ఈ వారం నేర్చుకుంటే కుడి రెండు వారాలాగి నేర్చుకోండి. మొదటిది గట్టిపడ్డాక రెండోది దాన్ని చెడగొట్టలేదు.

3. కార్డు రాయడం నేర్చుకోండి

సగం పని ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

డిక్షనరీ ఏ మాటనైనా దాని మూలరూపంలో చూపిస్తుంది. మనుషులు మాట్లాడేది ఆ రూపంలో కాదు. స్పానిష్‌లో 'వెళ్ళడం' అన్న మాటకు డిక్షనరీలో ఉండేది "ఈర్". మీరు దాన్ని వందసార్లు వల్లించి ఉంటారు. ఎదుటి మనిషి "వోయ్ ఆ కాసా" అంటాడు, అంటే ఇంటికి వెళ్తున్నాను. నిన్న వెళ్ళాననడానికి "ఫుయ్" అంటాడు. ఈ రెండింటిలో "ఈర్" జాడ కూడా లేదు. మీ చెవి మాత్రం దానికోసమే ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

జర్మన్‌ది ఇంకో తంటా. లేవడానికి డిక్షనరీ మాట "ఔఫ్‌ష్టేయెన్". "నేను ఆరింటికి లేస్తాను" అనాలంటే "ఇష్ ష్టేయె ఉమ్ జెక్స్ ఔఫ్". మాట రెండుగా చీలిపోయి, ముందున్న ముక్క వాక్యం చివరికి పోయింది. పాపం గువాన్‌కు క్లాసులో చెవికి ఏమీ ఆనకపోవడంలో ఇలాంటి వాటి పాత్ర చాలానే ఉండి ఉంటుంది.

అందుకని కార్డు ముందువైపు ఒంటరి మాట కాకుండా చిన్న వాక్యం రాసి, కావలసిన మాట కింద గీత గీయండి. వాక్యం నాలుగైదు మాటలు దాటనక్కర్లేదు. సొంతంగా అల్లకండి, తప్పు వాక్యాన్నే బట్టీ పట్టే ప్రమాదం ఉంది. మంచి డిక్షనరీలో ఉదాహరణలుంటాయి, వాటిలో పొట్టిది ఎంచుకోండి. వెనకవైపు అర్థం రాయండి, ఒకటి చాలు, మరీ తప్పకపోతే రెండు. డిక్షనరీ ఇచ్చిన ఏడు అర్థాలూ ఎక్కిస్తే ఒక్కటీ నిలవదు. మిగతావి మీకు ఎదురుపడినప్పుడు ఇంకో కార్డు చేసుకోవచ్చు.

క్రియ అయితే, మూలరూపాన్ని చూసి ఊహించలేని రూపాలు కూడా ఒకటో రెండో అదే కార్డు మీద ఉండాలి. నామవాచకమైతే దాని లింగం ఉండాలి. జర్మన్ బల్లను "టిష్" అని కాకుండా "డేర్ టిష్" అనే నేర్చుకోవాలి, పక్కనే బహువచనం "డీ టిషె" కూడా. లింగం తర్వాత చూసుకుందాంలే అనుకుంటే ఆ తర్వాత ఎప్పటికీ రాదు. సంస్కృతం చదివేవాళ్ళు తరతరాలుగా వల్లెవేసిన అమరకోశం అసలు పేరు నామలింగానుశాసనం అని గుర్తు తెచ్చుకోండి. పేరులోనే నామం, లింగం రెండూ ఉన్నాయి. అమరసింహుడు పదాన్ని లింగం తెలిసేలాగే శ్లోకంలో కూర్చాడు. పైగా అది ఛందస్సులో ఉంది, అది వల్లించే పిల్లలు ఆ పక్కనే కావ్యాలూ చదివేవాళ్ళు. నిఘంటువును బట్టీ పట్టడం అక్కడ ఫలించిందంటే ఇవన్నీ కలిసి రావడం వల్లే.

చైనీస్ మాటకు టోన్ (పలికేటప్పుడు గొంతు ఎత్తడం, దించడం), రష్యన్ మాటకు ఊనిక ఎక్కడో తప్పకుండా గుర్తుపెట్టండి. రష్యన్‌లో ఒకే అక్షరాలతో రాసే మాటను మొదట్లో ఊని "జామక్" అంటే కోట, చివర ఊని "జమోక్" అంటే తాళం.

ఉచ్చారణను తెలుగు అక్షరాల్లో రాసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. (ఈ వ్యాసంలో నేనూ అదే చేస్తున్నాను, ఇక్కడ గత్యంతరం లేదు.) మీ కార్డుల మీద మాత్రం ఆ భాష లిపే ఉండాలి. తెలుగులో రాసిన మరుక్షణం కన్ను దాన్నే చదువుతుంది, నోరు దాన్నే పలుకుతుంది. ఫ్రెంచ్ ముక్కు ధ్వనులు, జర్మన్ 'ఉ'కూ 'ఇ'కూ మధ్యలో ఉండే ధ్వని మన అక్షరాల్లో పట్టవు. కొత్త లిపి నేర్చుకోవడానికి ఒకటి రెండు వారాలు పట్టినా సరే, ముందు ఆ పని పూర్తిచేయండి. ఉచ్చారణ కోసం ఆడియో ఉన్న డిక్షనరీ వాడండి.

అర్థం ఏ భాషలో రాయాలి? మనకు దొరికే డిక్షనరీలు ఎక్కువగా ఇంగ్లిష్ ద్వారానే ఉంటాయి. అయినా చూడగానే మనసులో మెదిలే భాషలో రాయండి. కొన్నిచోట్ల తెలుగే నయం. ఇండోనేషియన్‌లో "కిత", "కమి" అని రెండు మాటలున్నాయి. ఇంగ్లిష్ అర్థం చూస్తే రెండూ ఒకటే. తెలుగులో రాస్తే 'మనం', 'మేము', ఇంకేం వివరణ అక్కర్లేదు.

ఇంకొక్కటి. మీకు తెలిసిన భాషలోంచి కొత్త భాషలోకి వెతికినప్పుడు డిక్షనరీ మూడు నాలుగు మాటలిస్తే, మొదటిది తీసుకుని పరిగెత్తకండి. ఒక్కొక్కదాన్నీ తిరగేసి, కొత్త భాష వైపు నుంచి మళ్ళీ వెతకండి. ఒకటి పాతబడిన మాట అయి ఉంటుంది, ఒకటి బూతుకు దగ్గరగా ఉంటుంది, మీకు కావలసింది మూడోది అయి ఉంటుంది.

4. చదవకండి, అడగండి

పదం, అర్థం పక్కపక్కనే పెట్టుకుని ఇరవైసార్లు చదివితే వచ్చేసినట్టే అనిపిస్తుంది. అది కళ్ళకు అలవాటు పడటం మాత్రమే. అర్థాన్ని చేత్తో మూసి, గుర్తు తెచ్చుకోవడానికి బుర్రను కాస్త ఇబ్బంది పెట్టాలి.

దీనికి గట్టి రుజువుంది. 2008లో కార్పికి, రోడిగర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు 40 స్వాహిలి మాటలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు ఇచ్చారు. ఒకసారి సరిగ్గా చెప్పగలిగిన మాటను కొందరు ఆ తర్వాత కూడా పరీక్షించుకుంటూ పోయారు. కొందరు దాన్ని మళ్ళీ చదివారే కానీ పరీక్షించుకోలేదు. వారం తర్వాత చూస్తే మొదటి రకం వాళ్ళకు దాదాపు 80 శాతం మాటలు గుర్తున్నాయి, రెండో రకం వాళ్ళకు మూడో వంతుకు కాస్త అటూఇటూగా. మళ్ళీ మళ్ళీ చదవడం వల్ల ఒరిగింది దాదాపు ఏమీ లేదు.

కాబట్టి కార్డు చూడండి, నోరు తెరిచి గట్టిగా జవాబు చెప్పండి, అప్పుడు తిప్పి చూడండి. రాకపోతే ఐదారు సెకన్లు ఆలోచించండి, అంతకుమించి వేలాడొద్దు. మొదట్లో కొత్త భాష నుంచి తెలుగులోకి మాత్రమే అడగండి. అది తేలిక. కొన్ని వారాలయ్యాక, మాట్లాడేటప్పుడు మీకు నిజంగా అవసరమయ్యే మాటల్ని తెలుగు నుంచి అటువైపు కూడా అడగడం మొదలుపెట్టండి. పుస్తకాల్లో మాత్రమే కనిపించే మాటలకు ఈ రెండోవైపు శ్రమ అక్కర్లేదు.

5. మరిచిపోయే సమయానికి మళ్ళీ చూడండి

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షర గుంపులు కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో తన మీద తానే కొలుచుకుని 1885లో ప్రచురించాడు. ఒక్క రోజు గడిచేసరికి మూడింట రెండు వంతులు పోయేవి. వాక్యం, సందర్భం లేకుండా బట్టీ పట్టిన డిక్షనరీ మాట మీ బుర్రకు అలాంటి అర్థంలేని గుంపే. కానీ విరామమిచ్చి మళ్ళీ గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ మరుపు నెమ్మదిస్తుంది. కొత్త మాటను రేపు, తర్వాత మూడు రోజులకు, వారానికి, రెండు వారాలకు, నెలకు చూడండి.

కాగితం కార్డులతో చేసేవాళ్ళకు సెబాస్టియన్ లైట్నర్ 1970ల్లో చెప్పిన పెట్టె ఉంది. ఐదు గదులుంటాయి. కొత్త కార్డులు మొదటి గదిలో. సరిగ్గా చెబితే తర్వాతి గదికి, తప్పితే ఏ గదిలో ఉన్నా మళ్ళీ మొదటి గదికి. మొదటి గది రోజూ తీయాలి, వెనక్కి పోయేకొద్దీ వ్యవధి పెరుగుతుంది. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చేయాలనుకుంటే ఆంకీ అనే యాప్ ఈ లెక్కంతా తానే చూసుకుంటుంది. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం. ఇతరులు తయారుచేసిన కార్డుల కట్టలు దొరుకుతాయి కానీ, నా ఉద్దేశంలో మొదటి కొన్ని వందలైనా మీరే చేసుకోవాలి. కార్డు తయారుచేసేటప్పుడే మాట సగం వచ్చేస్తుంది.

రోజుకు పది కొత్త మాటలు చాలు. 200 రోజుల్లో 2,000 అవుతాయి. మొదటి వారం ఉత్సాహంలో యాభై పెట్టుకునేవాళ్ళే మూడో వారంలో మానేస్తారు. ఎందుకంటే కొత్తవాటి కన్నా పాతవాటి రివిజనే కొండలా పెరుగుతుంది. రోజుకు ఇరవై కొత్త మాటలు పెట్టుకుంటే కొన్నాళ్ళకు రివిజన్ 150 దాటడం మామూలే. ఎప్పుడైనా నాలుగు రోజులు వదిలేసి కుప్ప పడిపోతే టెన్షన్ పడకండి. కొత్త మాటలు పూర్తిగా ఆపేసి, పాత కుప్పను రోజుకు ఇంతని తగ్గించుకుంటూ రండి.

6. మొండి మాటలకు కొక్కెం తగిలించండి

ఎన్నిసార్లు చూసినా ఎక్కని మాటలు కొన్ని ఉంటాయి. ఆంకీలో వీటిని లీచ్ అంటారు, జలగలన్నమాట. ఎనిమిదిసార్లు తప్పితే యాప్ తనంతట తానే ఆ కార్డుకు గుర్తు పెడుతుంది. అలాంటివాటికి తెలుగు మాటతో ఒక పిచ్చి బొమ్మ కట్టండి. స్పానిష్‌లో బల్ల "మేసా". నాలుగు కాళ్ళ మీద నిలబడి గడ్డి మేస్తున్న బల్లను ఊహించుకోండి. ఫ్రెంచ్‌లో కోడిపెట్ట "పూల్", మెడలో పూలదండ వేసేయండి. ఎంత వెర్రిగా ఉంటే అంత గట్టిగా అతుక్కుంటుంది. 1975లో అట్కిన్సన్, రా అనే పరిశోధకులు రష్యన్ పదాల మీద ఈ పద్ధతిని పరీక్షించి మంచి ఫలితాలు చూపించారు.

అయితే ప్రతి మాటకూ ఇది చేయకండి, టైమ్ చాలదు. ఉచ్చారణను తెలుగు మాటకు తాకట్టు పెట్టకండి కూడా. స్పానిష్‌లో కుక్కను "పెఱో" అంటారు, 'కానీ' అనడానికి "పెరో" అంటారు. మన బండి ఱకూ మామూలు రకూ ఉన్నలాంటి తేడాయే అది. తెలుగులో మనం దాన్ని దాదాపు వదిలేశాం, వాళ్ళు వదల్లేదు.

7. కార్డు బయట కలుసుకోండి

రోజుకు అరగంట కార్డులకిస్తే కనీసం ఇంకో అరగంట చదవడానికి, వినడానికి ఇవ్వండి. పిల్లల కథలు, నేర్చుకునేవాళ్ళ కోసం తేలిక చేసి రాసిన పుస్తకాలు మొదట సరిపోతాయి. కార్డు మీద నేర్చుకున్న మాట కథలో ఎదురుపడిన క్షణంలో అది ఇంకోలా ఎక్కుతుంది, అది మీకే తెలుస్తుంది. ఒక పేజీలో రెండో మూడో తెలియని మాటలుంటే ఆ పుస్తకం మీ స్థాయిది. వాక్యానికొకటి ఉంటే మూసేసి ఇంకోటి తీయండి.

2,000 నుంచి 3,000 మాటల మధ్య ఎక్కడో ఫ్రీక్వెన్సీ లిస్ట్‌ను వదిలేయవచ్చు. ఆ పైన జాబితా చెప్పే వరసకూ, మీరు చదివేవాటికీ పొంతన తగ్గిపోతుంది. వైద్యం చదివేవాళ్ళకు కావలసిన మాటలు వేరు, క్రికెట్ చూసేవాళ్ళకు కావలసినవి వేరు. ఈ దశలో ఆ భాషలోనే అర్థాలిచ్చే డిక్షనరీకి మారండి, ముఖ్యంగా నేర్చుకునేవాళ్ళ కోసం రాసినదానికి. తేలిక మాటలతో అర్థం చెబుతుంది కాబట్టి, ఒక్క మాట వెతికితే మీకు వచ్చిన పది మాటలకు రివిజన్ అవుతుంది.

అప్పటినుంచి వెతికిన ప్రతి మాటకూ కార్డు చేయకండి. డిక్షనరీలో ఆ మాట పక్కన పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టి చదువుకుంటూ వెళ్ళిపోండి. యాప్ అయితే సేవ్ చేసి వదిలేయండి. అదే మాట కోసం మళ్ళీ వచ్చి, అక్కడ అప్పటికే చుక్క కనిపించినప్పుడు కార్డు రాయండి.